కట్ చెప్పాక తీసే నవ్వు ఫొటో

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి పూలు తెచ్చే ఆమె. బోరబండలో ఉంటుంది. పొద్దున్నే మోతీనగర్‌లో మా వీధులన్నీ తిరిగి, తరవాత ఆటో ఎక్కి ఫిలింనగర్ వైపు పోతుంది. అక్కడ గుడికీ, కొన్ని పెద్ద ఇళ్ళకీ ఆమె పూలే. ఆ రోజు మధ్యాహ్నం, ఎప్పుడూ రాని వేళప్పుడు, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“అక్కా, ఫిలింనగర్ల ఒక ముసలాయన ఉన్నడు. ఎన్కట సినిమాలకు ఫొటోలు తీసేటోడంట. వచ్చే నెల ఆ ఇల్లు కూలగొడ్తరంట. డబ్బాలన్నీ గేటు కాడ పెట్టిండ్రు. నేను జర మూత తీసి చూసిన. అన్నీ నీ దయ్యాలే.”

“నా దయ్యాలేంటే?”

“నీయి కాకుంటే ఎవరియి? పొద్దుగాల అమ్మవారికి చామంతులు, పగటీలి దయ్యాల ఫొటోలు! మా గల్లీల చెప్తే ఎవ్వరు నమ్మరు. జల్ది పో. గాడ అప్పుడే కార్లు ఆగుతున్నయి.”

తన బేరం పని మానుకుని, ఎండలో అంత దూరం వెనక్కి వచ్చి చెప్పింది. ఆ మంచితనాన్ని దేవుడు చూసే ఉంటాడు. తరవాత జరిగినదానికి ఆమె ఏం చేస్తుంది?

ఆమె వేళాకోళంలో అబద్ధం లేదు. మా పూజ అలమర కింది అరలో పాత దయ్యాల సినిమాల స్టిల్స్ ఉంటాయి. ఇప్పుడంటే అన్నీ ఫోన్‌లోకే వస్తున్నాయి గానీ, ఒకప్పుడు సినిమా హాలు వరండాలో అద్దాల పెట్టెలుండేవి. వాటిలో ఆ సినిమా ఫొటోలు గుండుసూదులతో గుచ్చి పెట్టేవారు. టిక్కెట్టు కొనాలా వద్దా అని జనం వాటిని చూసి తేల్చుకునేవారు. నా దగ్గరున్నవాటికి మూలల్లో ఆ సూది గాట్లున్నాయి. కొన్నిటి వెనక మైదా జిగురు ఎండి పెచ్చులు లేస్తోంది. మూతబడ్డ హాళ్ళలో పనిచేసినవాళ్ళనూ, పాత కాగితాల కొట్లవాళ్ళనూ అడిగి అడిగి తెచ్చుకున్నాను. “దేవుడి కింద దయ్యాలను పెట్టుకుంటావా, ఇల్లు ఏమైపోవాలి?” అని మా బంధువులు కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ దయ్యం మా పెద్దమ్మ.

మా పెద్దమ్మ సినిమాల్లో దయ్యం. ఆమె వృత్తిని ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు. కృష్ణ ఒడ్డున ఒక ఊరి నుంచి నాటకాలతో మద్రాసు వెళ్ళి, పరిశ్రమ ఇటు తరలినప్పుడు దానితోపాటే హైదరాబాదు వచ్చింది. కథలో ఆ అమ్మాయి బతికున్నంతసేపూ హీరోయిన్. చచ్చిపోయాక మా పెద్దమ్మ. పాడె మీద పడుకోవడం అశుభమని హీరోయిన్లు ఒప్పుకునేవారు కారు. ముక్కుల్లో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు, ఒంటి మీద తెల్ల చీర, ఇవన్నీ పెద్దమ్మకే. తరవాత కోరలు, తెల్లటి కళ్ళు, విరబోసిన జుట్టు కూడా పెద్దమ్మకే. ఆమె సొంత మొహం ఏ సినిమాలోనూ లేదు.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. అప్పట్లో శ్రీనగర్ కాలనీలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాళ్ళం. బడిలో వేస్తే పిల్లలు “దయ్యం పిల్ల” అని నా పక్కన కూర్చోలేదు. పంతులమ్మ నవ్వి ఊరుకుంది. పెద్దమ్మ నా పలక తీసుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ తరవాత నేను ఏ బడికీ పోలేదు. అక్షరాలు, ఎక్కాలు, సహస్రనామాలు, కూర తరగడం, ఎవరేం ఇచ్చినా కళ్ళకద్దుకోవడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఒక దయ్యం చలవ.

సినిమావాళ్ళకు ఒక ఆచారం ఉంది. శవంగా నటించినా, దండ వేసిన ఫొటోలో కనిపించినా, షాట్ అయి ‘కట్’ అనగానే ఆ మనిషిని లేపి కూర్చోబెడతారు. గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొడతారు. ఆ మనిషి నవ్వాలి. నవ్వుతుండగా స్టిల్ ఫొటోగ్రాఫరు ఒక ఫొటో తీయాలి. చచ్చిన మనిషి మళ్ళీ నవ్విందని సాక్ష్యం అన్నమాట. ఆ నవ్వు ఫొటో తీయకుండా ఎవరూ ఇంటికి పోరు. దాన్ని ఏ హాల్లోనూ పెట్టరు, ఏ పత్రికకూ ఇవ్వరు. అది బతికున్న మనిషిది, ప్రచారానికి పనికిరాదు.

నాకు చిన్నతనంలో ఒకటే భయం, శవమై పడుకున్న పెద్దమ్మ శవమై ఇంటికి వస్తుందేమోనని. పాల ప్యాకెట్లు వచ్చే వేళకు ఆమె షూటింగు నుంచి వచ్చి తలుపు కొట్టేది. నేను గడియ తీసేదాన్ని కాను.

“నవ్వావా?” అని లోపలినుంచే అడిగేదాన్ని.

“నవ్వానే తల్లీ.”

“ఫొటో తీశారా?”

“తీశారు. మొహం మీద ఎంత వెలుగు పడిందో! ఇంక తలుపు తియ్యి, కాళ్ళు లాగుతున్నాయి.”

అప్పుడు తీసేదాన్ని. నేను పెద్దదాన్నయ్యాక కూడా మా ఇద్దరి మధ్యా ఆ మాటలు అలాగే ఉండిపోయాయి. గుడికి వెళ్ళొచ్చినా, మందుల షాపుకి వెళ్ళొచ్చినా, “నవ్వావా?” అనే అడిగేదాన్ని.

పెద్దమ్మ పోయినప్పుడు ఇంట్లో ఆమె ఫొటో లేదు. తీయించుకునేది కాదు. “పొద్దస్తమానం ఈ మొహం మీదే పడి బతుకుతున్నారు, ఇంట్లో కూడానా?” అనేది. నా చేతిలో అప్పటికున్నది మాటలకు పనికొచ్చే ఫోనే, ఫొటోలు తీసేది కాదు. కర్మకు దండ వేయడానికి ఆమె ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించాను. జబ్బుతో వాచిన మొహం, సగం మూసిన కళ్ళు. పెద్దది చేసేకొద్దీ అది మొహంలా కాకుండా తడి గోడ మీది మచ్చలా తయారైంది. భోజనానికి వచ్చిన ఒకావిడ చేయి కడుక్కుంటూ, “ఎవరిదండీ ఆ ఫొటో?” అని అడిగింది.

దానికంటే పెద్ద దెబ్బ ఫిలింనగర్‌లో తగిలింది. ఆమె సభ్యురాలిగా ఉన్న ఒక కళాకారుల సంఘంవాళ్ళు సంతాప సభ పెట్టారు. పిలిచి, ఆటో పంపించి, ముందు వరసలో కుర్చీ వేశారు. ఆ గౌరవానికి నేను కృతజ్ఞురాలినే. వేదిక మీద నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మా పెద్దమ్మ, కోరలతో. నోటి చివర నెత్తురు, విరబోసిన జుట్టు, గుడ్లు పైకి తేలేసిన కళ్ళు. పైన పెద్ద అక్షరాలతో ‘అశ్రు నివాళి’. ఆ కోరలు కనపడకుండా పోతాయేమోనని కాబోలు, దండ కొంచెం కిందికి వేశారు.

నిర్వాహకుణ్ణి పక్కకు పిలిచి, “వేరే ఫొటో దొరకలేదా బాబూ?” అని అడిగాను.

“మేకప్ లేకుండా ఆవిణ్ణి మేమే గుర్తుపట్టమమ్మా, ఇంక జనమేం గుర్తుపడతారు?” అన్నాడు. చెడ్డవాడు కాదు. నా చేతికి టీ కప్పు అందించి మరీ అన్నాడు.

టీ తాగాను. నమస్కారం చేశాను. ఇంటికొచ్చి స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని, దేవుడితో మాట్లాడలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చింది నవ్వు ఫొటో. చచ్చిన ప్రతిసారీ ఆమె నవ్వింది కదా. ప్రతిసారీ తీశారు కదా. ఎక్కడో ఏ డబ్బాలోనో కనీసం ఒక్కటైనా ఉండకపోతుందా? అదొక్కటి దొరికితే చాలు, గోడకు పెట్టుకుని, ఆబ్దికం రోజున ఆమె మొహానికే దండ వేయొచ్చు.

దయ్యాల స్టిల్స్ కూడబెట్టడం అలా మొదలైంది. దయ్యాలు నాకు అక్కర్లేదు. దయ్యాలున్న చోటే నవ్వూ ఉంటుందని తెచ్చుకున్నాను. కోరలవి దొరికాయి, పాడె మీదివి దొరికాయి, నిమ్మకాయలు దిగ్గొట్టిన చెట్టుకు వేలాడేవి దొరికాయి. ఆ సినిమాల ఫొటోలు తీసినాయన మద్రాసులోనే ఉండిపోయాడని అందరూ అనేవారు. మా ఇంటికి పూలు తెచ్చే ఆమె రోజూ ఆయన గేటు ముందునుంచే నడుస్తోందని నాకేం తెలుసు?

నేను వెళ్ళేసరికి ఆ గేటు ముందు ఒక పెద్ద కారు ఆగి ఉంది. డ్రైవరు డబ్బాలు ఎక్కిస్తున్నాడు. కారాయన్ను నేను గుర్తుపట్టాను. జూబ్లీహిల్స్‌లో ఇంట్లోనే చిన్న థియేటర్ కట్టుకున్నాడు. నాలాగే పాత దయ్యాల స్టిల్స్ వెతికే మనిషి. కాగితాల కొట్ల దగ్గర ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాం. డబ్బాలన్నీ ఆయన అప్పుడే కొనేశాడట. పెద్దమ్మ సంగతి చెప్పాను.

“మీ పెద్దమ్మగారా! మై గాడ్, ఆవిడ మా గోడ మీదున్నారండీ. థియేటర్ డోర్ పక్కనే, లైఫ్ సైజ్. పిల్లల ఫ్రెండ్స్ వస్తే ఆవిణ్ణి చూసి ఒకటే కేకలు. సూపర్ హిట్టండీ ఆవిడ!”

“సంతోషం బాబూ. నాకు ఒక్కటే కావాలి. నవ్వుతున్నది.”

“దయ్యం నవ్వా?”

“కాదు. మామూలు నవ్వు.”

ఆయన విసుక్కోలేదు. డ్రైవరుని ఆగమని, డబ్బాలన్నీ మళ్ళీ దించి వరండాలో పెట్టించాడు. “ముందు మీరు చూసుకోండి మేడమ్, తరవాతే నేను తీసుకెళ్తా” అన్నాడు. ఇంటి కోడలు నాకు పీట వేసి మజ్జిగ ఇచ్చింది. వీళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. ఆ మాట రాసేటప్పుడు కలం ఎందుకు బరువెక్కుతుందో వాళ్ళకు తెలియాల్సిన పని లేదు.

అడుగున ఉన్న ఒక డబ్బా తెరిచాను. అన్నీ నవ్వు ఫొటోలే. పాడె మీద లేచి కూర్చుని, చెవిలో దూదితోనే పకపకా నవ్వుతున్న హీరో. గుండె మీద కత్తి పిడి అంటించుకుని, సిగరెట్టు కోసం చేయి చాపి నవ్వుతున్న విలన్. చితి మీద కట్టెల మధ్య కూర్చుని వేళ్ళతో గెలుపు గుర్తు చూపిస్తున్న పెద్ద నటుడు. చచ్చినవాళ్ళంతా బతికొచ్చి నా చుట్టూ కూర్చుని నవ్వుతున్నట్టుంది. ఆచారం నిజం, ఫొటోలు నిజం, పెద్దమ్మ చెప్పింది నిజం. ‘అమ్మా, తల్లీ’ అనుకుంటూ ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయాను. డబ్బా అడుగు అట్ట తగిలింది. పెద్దమ్మ లేదు.

కోడల్ని అడిగి లోపలికి వెళ్ళాను. ముసలాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు బాగా ఆనడం లేదు గానీ మాట గట్టిగానే ఉంది.

“హీరోలవి ఉన్నాయి, విలన్లవి ఉన్నాయి. దయ్యం వేషాలు వేసిన మా పెద్దమ్మవి ఎక్కడ పెట్టారు బాబాయిగారూ?”

“ఎవరూ, మా దయ్యాలక్కా? ఆవిడ కూతురివా నువ్వు?”

“కూతురి లెక్కేనండీ.”

“ఆవిడవి ఉండవమ్మా.”

“అదేంటండీ?”

“తీస్తే కదా ఉండటానికి.”

నాకు అర్థం కాలేదు. “తీశారండీ. ప్రతిసారీ తీశారు. ఇంటికొచ్చి నాతో చెప్పేది. మొహం మీద వెలుగు పడిందని కూడా చెప్పేది.”

“వెలుగు పడుతుందమ్మా, ఫ్లాష్ కొట్టేవాణ్ణి కదా. ఫిలిం ప్రతి ముక్కకీ ప్రొడక్షన్ వాళ్ళకు సమాధానం చెప్పుకోవాలి. పెద్ద ఆర్టిస్టులకైతే తీయక తప్పదు. డూపులకేముంది, దిష్టి పోవాలి, అంతే కదా. వెలుగు మొహాన పడితే పోయినట్టే. అందుకని బొమ్మ తీయకుండా ఫ్లాష్ ఒక్కటే వెలిగించేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, అందరం అంతే.”

“ఎందుకు మావయ్యా ఇప్పుడవన్నీ?” అంది కోడలు గుమ్మంలోంచి.

“అడిగితే చెప్పొద్దా? ఈ వయసులో అబద్ధమాడి ఎవరికి సంపాదించి పెట్టాలి?” అన్నాడాయన.

మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. “ఆవిడకి తెలుసా?”

“మొదట్లో తెలీదు. ఓసారి పాడె మీంచి లేచి, ‘వెలుగొచ్చింది గానీ క్లిక్కు వినపడలేదేం తమ్ముడూ?’ అంది. నేనేం చెప్తాను? నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ తరవాత కూడా ఒక్కసారీ ఎగ్గొట్టలేదమ్మా, చక్కగా కూర్చుని నవ్వేది. ‘త్వరగా నీ దీపం వెలిగించు తమ్ముడూ, ఇంటికెళ్ళాలి, నవ్వకపోతే మా పిల్ల తలుపు తీయదు’ అనేది.”

ఆ మాట అని ఆయన కూడా నవ్వాడు. మంచి జ్ఞాపకం చెబుతున్నాననుకున్నాడు, పాపం.

బయటికి వచ్చేసరికి నా మొహం చూసి కారాయన ఏమైందని అడిగాడు. కోడలు చెప్పింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. వెంటనే ఫోన్ తీశాడు.

“మీరు వర్రీ కాకండి మేడమ్. ఇప్పుడు ఏఐ ఉంది కదా, రెండు నిమిషాల పని. మీ దగ్గరున్న ఏ స్టిల్ అయినా ఇవ్వండి. కోరలు తీయించేసి, కళ్ళు సరిచేయించి, నవ్వు పెట్టించేస్తా. ఏ టైపు నవ్వు కావాలో చెప్పండి, చాలు.”

ఏ రకం నవ్వు అని నేను చెప్పను? ఆ నవ్వును నేనూ చూడలేదు. నవ్వేసి ఇంటికొచ్చిన మొహాన్నే చూశాను. కథలో బతికున్నప్పుడు మొహం హీరోయిన్‌ది, చచ్చాక కోరలు మేకప్‌వాళ్ళవి. ఇప్పుడు నవ్వు కూడా ఒక యంత్రానిది తెచ్చి పెట్టమంటారా అని గొంతు దాకా వచ్చింది. చేతులు జోడించి, “మీకు పుణ్యముంటుంది బాబూ, వద్దు” అన్నాను. ఆయన కారు ఎక్కాడు. చచ్చి నవ్వినవాళ్ళంతా డిక్కీలో జూబ్లీహిల్స్ వైపు వెళ్ళిపోయారు.

మోతీనగర్ వచ్చే ఆటోలో నాకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ముసలాయన ఒక్కడి మీద పెట్టుకుంటే తేలిగ్గా ఉండేది. కానీ దిష్టి తీసినవాళ్ళు, గుమ్మడికాయ కొట్టినవాళ్ళు, లెక్కలు చూసినవాళ్ళు, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళు, వాళ్ళందరికీ తెలుసు కదా. ఆచారం మానేసినా బాగుండేది. ఆచారాన్ని ఉంచి మనిషిని తీసేశారు. నేను రోజూ దీపం పెట్టే మనిషిని. దీపం ఒక్కటే వెలిగించి ఎదురుగా ఉన్నది చూడకపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పెద్దమ్మ నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదని నలుగురితో గర్వంగా చెప్పుకునేదాన్ని. చెప్పింది. తలుపు బయట నిలబడి, కాళ్ళు లాగుతున్నా, “తీశారు” అని చెప్పింది. నేను గడియ తీయడం కోసం చెప్పింది.

ఆ తరవాత కొత్త స్టిల్స్ వెతకడం మానేశాను. ఉన్నవి మాత్రం ఆ అరలోనే ఉన్నాయి. ఆ రంగుల కింద ఉన్నది ఆమే కదా, ఎలా పారేస్తాను? పూలు తెచ్చే ఆమె కొన్నాళ్ళకు అడిగింది, “ఏమైందక్కా, దొరికిందా?” అని. లేదన్నాను. “మరి గన్ని డబ్బాలల్ల ఒక్కటి గూడ లేదా?” అంది. లేదన్నాను. ఆ పూట మామూలుకంటే రెండు మూరలు ఎక్కువ కోసి ఇచ్చి వెళ్ళిపోయింది.

మొన్న ఆబ్దికానికి గుడిలో పంతులుగారికి స్వయంపాకం ఇచ్చాను. బియ్యం, పప్పు, ఆమెకు ఇష్టమైన కంద కూడా పెట్టాను. “ఫొటో తెచ్చారామ్మా, పక్కన పెడదాం?” అన్నారాయన. లేదన్నాను. “ఫరవాలేదు, పేరూ గోత్రం చాలు” అన్నారు. ఆయనకు చాలు. పైవాడికీ చాలునేమో. నాకు చాలలేదు. అందుకే ఇది రాశాను.

చదివినవారికి నమస్కారం. మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఏ మధ్యాహ్నమో టీవీలో పాత దయ్యాల సినిమా వేస్తారు. అందులో పాడె మీద, ముక్కుల్లో దూదితో, కదలకుండా ఒకావిడ పడుకుని ఉంటుంది. సీన్ అక్కడితో మారిపోతుంది. మీరు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ‘కట్’ అన్నాక ఆవిడ లేచి కూర్చుంది, బొమ్మ తీయరని తెలిసీ ఆ ఉత్త వెలుగు వైపు తిరిగి, ఇంట్లో పిల్ల కోసం నవ్వింది. ఆవిణ్ణి అలా తలుచుకోండి.